ఒకే హెడ్‌ఫోన్, వేర్వేరు తీర్పులు: విశాఖ శ్రోతలు కలిసి వినడానికి ఒక పద్ధతి

హెడ్‌ఫోన్ల మీద మక్కువ ఉన్న నలుగురు ఎం.వి.పి. కాలనీలోనో, సీతమ్మధారలోనో, గాజువాకలోనో ఒకరి ఇంట్లో చేరి, తలా రెండు సెట్లు తెచ్చుకుని మార్చి మార్చి విన్నప్పుడు, ఒకరు గొంతు ఎంతో సహజంగా ఉందని మెచ్చుకున్న సెట్‌నే పక్కనున్నవారు చెవి గీరుకుపోతోందని అర నిమిషంలో తీసి బల్ల మీద పెట్టేయడం మామూలుగా జరిగేదే. ఆ తర్వాత మాటామాటా పెరిగి, చివరికి ‘ఎవరి చెవి వారిది’ అని సర్దుకుని టీ తాగి లేచిపోతారు. ఆ సర్దుబాటు స్నేహానికి మంచిదే కానీ, కొనబోయేవారికి అది ఎందుకూ పనికిరాదు. విశాఖలో ప్రతి మోడల్‌నూ దుకాణంలో విని చూసి ఎంచుకునే వీలు తక్కువ కాబట్టి మనలో చాలామంది ఒక మిత్రుడి మాట మీదనే 10 వేలో, 30 వేలో ఆన్‌లైన్‌లో చెల్లిస్తున్నారు. ఆ మిత్రుడి చెవికి నచ్చింది తన చెవికి ఎందుకు నచ్చుతుందో, ఎందుకు నచ్చదో ముందుగా తెలుసుకునే దారి ఉండాలి.

ఆ దారి ఉంది. అభిరుచి భేదాలుగా చెలామణీ అవుతున్న వాటిలో చాలా భాగం నిజానికి అభిరుచి భేదాలు కావని, ఆ ఇద్దరి చెవులకూ చేరిన శబ్దమే వేరని నేను గట్టిగా నమ్ముతాను. కళ్లజోడు, చెవిలో సరిగా కూర్చోని రబ్బరు టిప్, రెండు డెసిబెళ్ల స్థాయి తేడా, తలపైన తిరిగే ఫ్యాన్ వంటివి ఒక్కొక్కటిగా తొలగించిన తర్వాత కూడా మిగిలే భేదమే అసలైన అభిరుచి. దాన్ని గౌరవించాలి, కొలవాలి, కాగితం మీద పెట్టాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి ఆ క్రమంలోనే సాగుతుంది.

గది, వేళ

మన ఊరి ఉక్కపోతలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. అయితే ఫ్యాన్ చేసే చప్పుడులో తక్కువ పౌనఃపున్యాల శబ్దమే ఎక్కువ, పైగా వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ మీదికి నేరుగా వచ్చే గాలి సన్నటి హోరును కూడా కలుపుతుంది. తక్కువ పౌనఃపున్యాల రొద ముందుగా బేస్‌ను, అంటే సంగీతంలోని లోతైన నాదాన్ని, మింగుతుంది, బలంగా ఉంటే దానికి పైనున్న పౌనఃపున్యాలను కూడా కప్పివేస్తుంది. అందుకే ఫ్యాన్ కింద విన్నవారు బేస్ చాలలేదని చెప్పిన సెట్‌నే జనవరి తెల్లవారుజామున ఫ్యాన్ ఆపి విన్నవారు బేస్ ముద్దగా ఉందని చెప్పవచ్చు, ఇద్దరూ తమకు వినిపించిన మాటే చెబుతున్నారు. వీలైతే పొద్దున్నే, వాహనాల రద్దీ మొదలుకాకముందు కూర్చోండి. ఫ్యాన్ తప్పదనుకుంటే అందరూ వినేటప్పుడూ ఒకే వేగంలో ఉంచి, ఎవరూ నేరుగా దాని కింద కూర్చోకుండా చూడండి. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న ఫ్లాట్లలో అలల హోరు ఎప్పుడూ ఉండేదే కాబట్టి అక్కడి వారికి అది వినిపిస్తున్నట్టే అనిపించదు, కానీ తంబుర శ్రుతి చివర సన్నగా కరిగిపోయే భాగాన్నీ, గొంతు వెనక వినిపించే గది ప్రతిధ్వనినీ అది దాచేస్తుంది. కిటికీలు మూయండి.

సిటీ బస్సులో గాజువాక నుంచి జగదాంబ వరకు వింటూ వచ్చినవారి తీర్పు తప్పేమీ కాదు, అది ఆ బస్సుకు సంబంధించిన తీర్పు. ప్రయాణంలోనే వినేవారికి ఎక్కువ బేస్ ఉన్న ఇయర్‌ఫోన్ నచ్చడం సహజం, వారికి అదే సరైనది కూడా కావచ్చు. ఎక్కడ విన్నారో చెప్పకుండా అభిప్రాయం చెప్పడం వల్లనే చిక్కు వస్తుంది.

చెవికి ఎలా కూర్చుంది

కళ్లజోడు పెట్టుకున్నవారి కణత దగ్గర ఒకసారి పరిశీలనగా చూడండి. ఇయర్‌ప్యాడ్ చర్మాన్ని తాకే చోట జోడు కాడ అడ్డం వచ్చి, దాని పైనా కిందా సన్నటి సందు ఏర్పడుతుంది. వెనక భాగం మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో ఆ సందు చాలు, అడుగు బేస్ కారిపోవడానికి. ఒత్తయిన జుట్టు, పెద్ద జూకాలు కూడా ఇదే పని చేస్తాయి. పరీక్ష తేలిక: బేస్ నిలకడగా సాగే సంగీతం పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెత్తగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే అంతవరకు గాలి బయటికి పోతోందని అర్థం. జోడు తీసి విని, మళ్లీ పెట్టుకుని విని, రెండింటికీ తేడా ఎంతో రాసుకోండి. జోడు లేనివారు ఎంతో నిండుగా ఉందని సిఫారసు చేసిన సెట్, జోడు పెట్టుకునేవారి తల మీద పలచబడిపోవడానికి కారణం అక్కడే దొరుకుతుంది. ఓపెన్ బ్యాక్ సెట్లలో మాత్రం ఈ నొక్కే పరీక్ష మీద ఎక్కువ ఆధారపడకండి, నొక్కినప్పుడు శబ్దం పుట్టించే డ్రైవర్ చెవికి దగ్గరై మిగతా శబ్దం కూడా మారుతుంది.

ఇన్-ఇయర్ రకాల్లో టిప్ పాత్ర ఇంకా పెద్దది. పెట్టెలో వచ్చిన మూడు సైజుల్లో మధ్యదాన్ని తొడిగి వచ్చిందే శబ్దమని నమ్మేవారు చాలామంది. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు అవసరమయ్యేవారు ఉంటారు. చెవి పైభాగాన్ని మరో చేత్తో కాస్త పైకీ వెనక్కీ లాగి, టిప్ లోపలికి పెట్టి వదిలితే అది సరిగా అతుకుతుంది. చెమట పట్టిన చెవిలో సిలికాన్ జారిపోతుంది కాబట్టి వేసవిలో వినే ముందు చెవి బయటి భాగాన్ని తుడుచుకోవడం మర్యాద కోసమే కాదు, శబ్దం కోసం కూడా అవసరం.

టిప్ ఎంత లోతుకు వెళ్లిందన్నది మరో పెద్ద భేదానికి మూలం. టిప్‌కూ కర్ణభేరికీ మధ్య మిగిలిన గాలి గొట్టంలో ఒక ప్రతినాదం పుడుతుంది, మామూలు లోతులో అది 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది, లోతు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. తెలుగు పాటల్లో ‘స’ అక్షరం రాపిడి ధ్వని కూడా దాదాపు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు బయటికి ఉన్న చెవిలో ప్రతి సకారమూ సూదిలా దిగుతుంటే, అదే ఇయర్‌ఫోన్ లోతుగా కూర్చున్న మరొకరికి ఆ బాధే తెలియదు. ‘ట్రెబుల్ పొడుస్తోంది’ అని, అంటే పై పౌనఃపున్యాలు గుచ్చుకుంటున్నాయని, ఎవరైనా అంటే వారి సహనాన్ని ప్రశ్నించే ముందు, టిప్ మార్చి, ఇంకొంచెం లోపలికి పెట్టి మళ్లీ వినమని అడగండి.

పాతబడిన సెట్‌ను కొత్త సెట్‌తో పోల్చడం మన తీరప్రాంతంలో మరింత జాగ్రత్తగా చేయవలసిన పని. కృత్రిమ తోలు ప్యాడ్లలో వాడే పాలియురేథేన్ తేమ తగిలేకొద్దీ రసాయనికంగా విడిపోతుంది, అందుకే అవి నల్లటి పొట్టులా రాలి మెడకు అంటుకుంటాయి. లోపలి స్పాంజి అణగిపోయి డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, అంచులు గట్టిగా పట్టవు, శబ్దం మారిపోతుంది. ఇయర్‌ఫోన్ మూతి దగ్గరి జాలీలో గులిమి చేరితే ఆ వైపు ట్రెబుల్ తగ్గి, క్రమంగా మొత్తం శబ్దమే తగ్గుతుంది. ఒకే మోడల్ గురించి ఇద్దరు యజమానులు వాదించుకుంటుంటే ముందుగా ఆ రెండు సెట్ల ప్యాడ్లనూ, జాలీలనూ పక్కపక్కన పెట్టి చూడడం ఉత్తమం. సెట్లను సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో ఉంచండి, ఉప్పుగాలి తగిలే ఇళ్లలో 3.5 మి.మీ. జాక్‌ను అప్పుడప్పుడు పొడి గుడ్డతో తుడవండి.

శబ్ద స్థాయిని సమం చేయడం

ఈ మొత్తం పద్ధతిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. రెండు శబ్దాల్లో ఒకటి కొంచెం పెద్దదైతే, ఆ కొంచెం ఒక డెసిబెల్ లోపే ఉన్నప్పుడు, మన చెవి దాన్ని ‘పెద్ద శబ్దం’ అని గుర్తించదు. ‘స్పష్టంగా ఉంది’, ‘నిండుగా ఉంది’, ‘వాద్యాలు విడివిడిగా వినిపిస్తున్నాయి’ అని గుర్తిస్తుంది. హెడ్‌ఫోన్ మార్చినప్పుడు వాల్యూమ్ గీతను అక్కడే ఉంచినంత మాత్రాన స్థాయి సమానం కాదు. ప్రతి సెట్‌కూ ఇంపీడెన్స్ (విద్యుత్తుకు అది చూపే నిరోధం, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (అందిన విద్యుత్తుకు అది ఎంత పెద్దగా పలుకుతుందన్నది) వేరు. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600ను ఫోన్‌కు తగిలించి, వెంటనే 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌ను అదే ఫోన్‌కు తగిలించి వింటే, మొదటిది ‘ప్రాణం లేనిది’గా, రెండవది ‘హుషారైనది’గా తోచడంలో ఆశ్చర్యం లేదు. తేడా అంతా వాల్యూమ్‌లోనే ఉండవచ్చు.

సమం చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పాత సీడీ తీసుకుని, దాని మధ్య రంధ్రానికి ఫోన్ మైకు సరిగ్గా వచ్చేలా అతికించండి. ఆ సీడీ మీద హెడ్‌ఫోన్ కప్పును బోర్లించి, అంచులు చదునుగా తగిలేలా పట్టుకోండి. పింక్ నాయిస్‌ను (అన్ని పౌనఃపున్యాలూ కలిసిన జలపాతం లాంటి హోరును), వీలైతే 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య భాగానికే పరిమితం చేసిన దాన్ని, ప్లే చేసి సౌండ్ మీటర్ యాప్‌లో అంకె చూడండి. రెండవ హెడ్‌ఫోన్‌ను కూడా అదే విధంగా పెట్టి, అదే అంకె వచ్చేవరకు వాల్యూమ్ సవరించండి. యాప్ చూపే అంకె అసలు డెసిబెళ్లకు సరిపోకపోవచ్చు, ఇక్కడ మనకు కావలసింది రెండింటికీ అంకె ఒకటే కావడం మాత్రమే. మొత్తం బేస్, ట్రెబుల్ కలిపి కాకుండా మధ్య భాగంతోనే సమం చేయమనడానికి కారణం ఉంది: బేస్ ఎక్కువ ఉన్న సెట్‌ను మొత్తం శబ్దంతో సమం చేస్తే దాని గొంతులు వెనక్కి పోతాయి, అప్పుడు పోలిక మళ్లీ అన్యాయమవుతుంది. ఇన్-ఇయర్ రకాలకు ఈ సీడీ పనికిరాదు, వాటికి ఒకరి గొంతు మాత్రమే ఉన్న భాగాన్ని పెట్టి, గొంతు రెండింటిలోనూ ఒకే దూరంలో ఉన్నట్టు తోచేవరకు చెవితోనే సవరించుకోవాలి.

హెడ్‌ఫోన్ ఒకటే ఉండి రెండు డాక్‌లనో (డిజిటల్ ఫైల్‌ను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాలు), రెండు యాంప్‌లనో (ఆ సంకేతాన్ని పెంచేవి) పోల్చదలిస్తే ఇంకా కచ్చితమైన దారి ఉంది. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే 100 హెర్ట్జ్ స్వరం ప్లే చేసి, మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి కొలిచి, రెండు పరికరాల మధ్య తేడా ఒక శాతం లోపు వచ్చేలా చూడండి. అది దాదాపు 0.1 డెసిబెల్. చవక మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే సరిగా చూపకపోవచ్చు కనుకనే 100 హెర్ట్జ్ అని చెబుతున్నాను.

సమం చేయడమే కాదు, ఏ స్థాయిలో సమం చేశారన్నది కూడా ముఖ్యం. బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన పరిశోధన నుంచి మనకు తెలిసిన సంగతి ఏమిటంటే, శబ్దం మొత్తంగా తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను మిగతా వాటికంటే ఎక్కువగా కోల్పోతుంది. అందరూ నిద్రపోయాక తక్కువ వాల్యూమ్‌లో వినేవారికి బేస్ కొంత పెంచిన సెట్ సమతూకంగా తోస్తుంది. అదే సెట్‌ను బిగ్గరగా వినేవారు బేస్ మోత అంటారు. ఇద్దరినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తే ఈ తగువు చాలాసార్లు అక్కడికక్కడే తీరుతుంది. తీరిన తర్వాత బిగ్గరగా వినేవారికి ఒక మాట ప్రేమగా చెప్పండి: పెద్దలకు వారానికి 40 గంటల పాటు సగటున 80 డెసిబెళ్లు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. ఆ స్థాయి మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సురక్షితంగా వినగలిగే సమయం సగానికి పడిపోతుంది.

ఏ సంగీతంతో వినాలి

ఎవరికి వారు తమకు నచ్చిన పాట పెట్టుకుని తీర్పు చెబితే, ఆ తీర్పులో సగం రికార్డింగ్‌ది అవుతుంది. అందరికీ ఉమ్మడిగా ఓ నాలుగు ముక్కలు, ఒక్కొక్కటి 30 సెకన్లకు మించకుండా ఎంచుకోండి. ఒకటి ఘంటసాల, విజయనగరంలో పుట్టిన పి. సుశీల వంటివారు 1950, 60 దశకాల్లో పాడిన మోనో (ఎడమ, కుడి చెవులకు ఒకే శబ్దం ఉన్న) రికార్డింగ్ కావాలి. మోనో గొంతు తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ సెట్‌లోనో, వినేవారి చెవిలోనో, టిప్‌లోనో ఎడమ కుడి భేదం ఉందని తెలుస్తుంది. ఆ కాలపు టేపు హోరును బట్టి హెడ్‌ఫోన్ ట్రెబుల్‌ను నిందించడం మాత్రం తగదు, ఉన్న హోరును వినిపించడం దాని పని.

రెండవది కచేరీ రికార్డింగ్. మృదంగంలో కుడి మూత కొట్టినప్పుడు వినిపించే గణగణ, ఎడమ మూత కొట్టినప్పుడు సాగే ఘుంకారం ఒకే దెబ్బలో విడివిడిగా వినిపిస్తున్నాయా అన్నది చూడండి. బేస్ ఉబ్బిన సెట్‌లో ఎడమ మూత నాదం తర్వాతి దెబ్బ మీదికి పాకుతుంది, బేస్ లేని సెట్‌లో మృదంగం చెక్క పెట్టెలా మారుతుంది. వయొలిన్ పై స్థాయిలో వాయించేటప్పుడు కమాను రాపిడి వినిపించాలి కానీ నాదాన్ని మించకూడదు. ఈ వాద్యాలను మైకు లేకుండా దగ్గర కూర్చుని విన్న అనుభవం ఉంటే మీ తీర్పుకు బలం వస్తుంది, అందుకే ఆలయాల్లోనూ, చిన్న సభల్లోనూ జరిగే కచేరీలకు వెళ్లి ముందు వరుసల్లో కూర్చోమని హెడ్‌ఫోన్ మిత్రులందరినీ నేను బలవంతపెడుతుంటాను.

మూడవది ఇటీవలి సినిమా పాట, బాగా పెంచిన బేస్‌తో, చిన్న పెద్ద శబ్దాల తేడాను గట్టిగా కుదించినది. నాలుగవది ఒక మనిషి మామూలుగా మాట్లాడుతున్న రికార్డింగ్, వీలైతే గదిలో ఉన్నవారిలోనే ఒకరిది. ఎదురుగా ఉన్న మనిషి గొంతు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు గనుక ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద దొరకదు.

రోజూ పాత పాటలే వినేవారు కాస్త వెచ్చని, బేస్ పెంచిన సెట్ కోరడం, కొత్త పాటలే వినేవారు బేస్ తగ్గించమనడం వైరుధ్యంగా కనిపించినా, ఇద్దరూ వెతుకుతున్నది ఒకే సమతూకం కావచ్చు. రికార్డింగ్‌లో లోపించినదాన్ని ఒకరు హెడ్‌ఫోన్‌తో నింపుకుంటున్నారు, ఎక్కువైనదాన్ని ఇంకొకరు హెడ్‌ఫోన్‌తో తీసేస్తున్నారు. ఇక ఫైల్ ఒకటే కావాలి. ఒకే పాటకు పాత ప్రతి, తర్వాత శబ్దాన్ని సవరించి రీమాస్టర్ చేసిన ప్రతి వేర్వేరుగా వినిపిస్తాయి.

రెండు ప్రశ్నలను కలపకూడదు

‘తేడా వినిపిస్తోందా’ అన్నది ఒక ప్రశ్న. ‘ఏది నచ్చింది’ అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి తప్పు, ఒప్పు ఉంటాయి. రెండవదానికి ఉండవు. కేబుల్, డాక్, 320 కేబీపీఎస్ ఎంపీ3 వంటి విషయాల్లో మన వాదనలు మొదటి ప్రశ్న తేలకుండానే రెండవదానికి దూకుతుంటాయి. మొదటి ప్రశ్నకు ఏబీఎక్స్ పరీక్ష ఉంది: ఎ, బి అని రెండు శబ్దాలు, ఎక్స్ అని వాటిలో ఏదో ఒకటి, ఎక్స్ ఆ రెండింటిలో ఏదన్నది చెప్పాలి. కంప్యూటర్‌లో ఫూబార్2000 అనే ప్లేయర్‌కు ఉన్న ఏబీఎక్స్ కంపోనెంట్‌తో ఫైళ్లను ఇలా పోల్చవచ్చు. 16 సార్లకు 12 లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగా చెప్పడం గుడ్డి లెక్కన జరిగే అవకాశం 4 శాతం లోపే, కాబట్టి దాన్ని గట్టి ఫలితంగా తీసుకోవచ్చు. ఎన్ని సార్లు చేయాలో ముందే నిర్ణయించుకుని, మధ్యలో ఆపకండి. ఒకరికి తేడా తెలియకపోయినంత మాత్రాన ఎవరికీ తెలియదని రుజువైనట్టు కాదు. తెలిసినవారు ఇష్టపడినదే మేలైనదని కూడా కాదు.

రెండు వేర్వేరు హెడ్‌ఫోన్ల మధ్య తేడా వినిపించడం గురించి సందేహమే ఉండదు, అక్కడ ప్రశ్న ఇష్టానిదే. కానీ ఇష్టాన్ని కళ్లు కూడా నడిపిస్తాయి. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో లౌడ్‌స్పీకర్లను శ్రోతలకు కనబడేలా ఒకసారి, కనబడకుండా ఒకసారి వినిపించినప్పుడు మార్కులు మారిపోయాయి. ధర విషయంలో 2017లో యెరూన్ బ్రేబార్ట్ ప్రచురించిన అధ్యయనం ఆలోచింపజేసేది. 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూస్తే, ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (ఏ పౌనఃపున్యాన్ని ఎంత స్థాయిలో వినిపిస్తుందన్న దానికి) పొంతన కనబడలేదు. హెడ్‌ఫోన్‌ను తల మీద పెట్టుకున్నాక బరువును బట్టి, ప్యాడ్ స్పర్శను బట్టి ఏదో తెలిసిపోతుంది కాబట్టి ఇంట్లో పూర్తి గుడ్డి పరీక్ష సాధ్యం కాదు. అయినా కళ్లు మూసుకున్నవారి తలకు మరొకరు సెట్ తొడగడం, ధర చివరివరకు చెప్పకపోవడం మనకు అందుబాటులో ఉన్నవే.

అంతకంటే ముఖ్యమైనది ముందు రాసి, తర్వాత మాట్లాడడం. మన కూటముల్లో వయసులో పెద్దవారో, ఖరీదైన సెట్ తెచ్చినవారో ముందుగా ‘అబ్బ, ఏం గొంతండీ’ అంటే, చిన్నవారు తమకు వినిపించింది మింగేస్తారు. అందరూ చీటీల మీద రాసుకున్నాక, వయసులో అందరికంటే చిన్నవారితో చదివించడం మొదలుపెట్టండి. ఈ ఒక్క మార్పుతో సంభాషణ నాణ్యత ఎంత పెరుగుతుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. వరస కూడా మార్చండి: మసకగా ఉన్న సెట్ విన్న వెంటనే సరైన సెట్ కూడా చెవిలో మెరుస్తుంది, మెరిసేది విన్నాక అదే సెట్ మందంగా తోస్తుంది. అందుకే ఒకే వరసలో అందరూ వినకూడదు.

మిగిలిన అభిరుచిని కొలవడం

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా భేదం మిగులుతుంది, మిగలాలి కూడా. హార్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు శ్రోతల ఇష్టాల మీద 2013 నుంచి వరుసగా ప్రచురించిన పరిశోధనల్లో, ఎక్కువమందికి నచ్చే ఒక శబ్ద సమతూకాన్ని గుర్తించారు, దాన్నే హార్మన్ టార్గెట్ అంటున్నాం. అయితే అదే బృందం 2018లో శ్రోతలను వర్గాలుగా విడదీసి చూసినప్పుడు సుమారు 64 శాతం మందికి ఆ టార్గెట్‌కు దగ్గరగా ఉన్నవి నచ్చాయి, 15 శాతం మందికి అంతకంటే ఎక్కువ బేస్, 21 శాతం మందికి అంతకంటే తక్కువ బేస్ నచ్చాయి. అంటే ఈ టార్గెట్ గ్రాఫ్ చూపించి ‘ఇదే సరైనది’ అని వాదించేవారి ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకరికి ఆ గ్రాఫ్ సరిపడకపోవచ్చు. ఆ ఒకరి చెవిలో లోపమేమీ లేదు. గ్రాఫ్ ఎందుకూ పనికిరాదనేవారూ ఒకటి గమనించాలి: ముగ్గురిలో ఇద్దరి ఇష్టాన్ని చూడకుండానే ఊహించగల సాధనం చిన్నదేమీ కాదు.

మీరు ఏ వర్గమో తెలుసుకోవడానికి పది హెడ్‌ఫోన్లు అక్కర్లేదు, అందరికీ సుఖంగా కూర్చునే ఒక్క హెడ్‌ఫోన్ చాలు. కంప్యూటర్‌లో బేస్, ట్రెబుల్ సవరించే ఈక్వలైజర్ ఏపీఓ, లేదా ఆ పని చేయగల మరే ప్రోగ్రామ్‌లోనైనా 105 హెర్ట్జ్ దగ్గర ఒక లో షెల్ఫ్ ఫిల్టర్ (దాని కింది భాగమంతా పెంచేది, తగ్గించేది), 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక హై షెల్ఫ్ ఫిల్టర్ (దాని పై భాగానికి అదే పని చేసేది) పెట్టండి. శబ్దం చిట్లకుండా ప్రీయాంప్‌ను (ఆ ప్రోగ్రామ్‌లో మొత్తం శబ్ద స్థాయిని) ముందే 10 డెసిబెళ్లు తగ్గించండి. వినేవారు తెర చూడకూడదు. ఇంకొకరు ఒక్కో డెసిబెల్ చొప్పున మొదట బేస్, తర్వాత ట్రెబుల్ పెంచుతూ తగ్గిస్తూ, వినేవారు ‘ఇక్కడ చాలు’ అన్నచోట ఆపి అంకె రాయాలి. ప్రతి ముక్కకూ ఇలా చేసి, మొదలుపెట్టే అంకెను ప్రతిసారీ మార్చండి. బేస్‌లో ఒకరికి ప్లస్ 5, ఇంకొకరికి మైనస్ 1 వస్తే, ఆ ఇద్దరూ ఇన్నాళ్లూ ఏ హెడ్‌ఫోన్ మీదా ఎందుకు ఒప్పుకోలేదో ఆ రెండు అంకెలే చెబుతాయి. ఒకే మనిషికి మోనో పాటలో ఒక అంకె, కొత్త పాటలో ఇంకో అంకె వస్తే అది కూడా విలువైన సమాచారమే.

ట్రెబుల్ విషయంలో షెల్ఫ్ అంకె చాలదు, చెవి నాళం ఆకారం ఎవరిది వారిదే. సన్నటి వాల్యూమ్‌లో 4 నుంచి 12 కిలోహెర్ట్జ్ వరకు మెల్లగా పైకి పోయే సైన్ స్వరాన్ని వినండి. ఒకచోట స్వరం హఠాత్తుగా ముందుకు దూకినట్టు వినిపిస్తే, ఆ పౌనఃపున్యం రాసుకుని, అక్కడ సన్నటి ఫిల్టర్‌తో 3 డెసిబెళ్లు తగ్గించి మళ్లీ పాట వినండి. సకారం శాంతిస్తే సమస్య హెడ్‌ఫోన్ మొత్తం స్వభావంలో కాక, ఆ సెట్‌కూ మీ చెవికీ మధ్య కుదరని ఒక్క చోటే ఉందని తేలుతుంది. ఆ ఒక్క కారణంతో దాన్ని అమ్మేయవలసిన అవసరం ఉండకపోవచ్చు.

వయసుతో పాటు పై పౌనఃపున్యాలు వినబడడం తగ్గుతుంది. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డ్ వంటి రొద ఉన్న చోట ఏళ్ల తరబడి పనిచేసినవారిలో 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య వినికిడి తగ్గడం కూడా తెలిసిన విషయమే, ఈ ఊరిలో అలాంటివారు లేని కుటుంబాలు తక్కువ. వారికి ట్రెబుల్ ఎక్కువగా ఉన్న సెట్ హాయిగా తోచవచ్చు. దాన్ని ఎత్తిచూపి ఎవరినీ కించపరచకూడదు, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోమని ఇంటివారిలా సలహా ఇవ్వవచ్చు. పెళ్లి ఊరేగింపులో డోలు, బ్యాండు పక్కన నడిచి వచ్చిన రోజు మాత్రం ఎవరూ తీర్పులు చెప్పకండి, ఆ రాత్రి చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది.

ఎలా చెప్పాలి, ఎలా రాయాలి

‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాటలతో ఎదుటివారికి ఏమీ అందదు. ఏ పాటలో, ఎన్నో నిమిషంలో, ఏ వాద్యం, ఏమైంది అన్నవి చెప్పండి. ‘కచేరీ ముక్కలో 12వ సెకను దగ్గర మృదంగం ఎడమ మూత తర్వాతి దెబ్బ మీదికి పాకినట్టు నాకు వినిపించింది, మీకు ఎలా ఉందండీ’ అని అడిగితే ఎదుటివారు తప్పకుండా ఆ చోటికి వెళ్లి వింటారు. వారికీ అలాగే వినిపించి, అయినా అదే నచ్చిందని చెబితే అక్కడితో వాదన ముగిసినట్టే, ఇద్దరూ ఒకే శబ్దం విని వేర్వేరుగా ఇష్టపడ్డారు. వారికి అలా వినిపించకపోతే మళ్లీ ప్యాడ్లూ, టిప్‌లూ, స్థాయీ చూడాలి. సౌండ్‌స్టేజ్ గురించి మాట్లాడేటప్పుడు మరింత నెమ్మది అవసరం, ఎందుకంటే హెడ్‌ఫోన్‌లో దూరం, వెడల్పు అన్న భావన ఒక్కొక్కరి చెవి డొప్ప ఆకారంతో పాటు మారుతుంది, అందులో ఇద్దరి మాట కలవకపోవడమే సహజం.

ఎవరైనా కొనడానికి సలహా అడిగితే, పేరు చెప్పే ముందు మీ వివరాలు చెప్పండి: మీ బేస్ అంకె, ట్రెబుల్ అంకె, జోడు ఉందా లేదా, ఏ టిప్ వాడారు, ప్యాడ్లు ఎంత పాతవి, ఏ పరికరానికి తగిలించి విన్నారు, ఎక్కువగా ఏ రకం సంగీతం, ఎంత వాల్యూమ్‌లో, ఎక్కడ వింటారు. మైనస్ 1 చెవి ఉన్న మిత్రుడు ‘బేస్ మరీ ఎక్కువ’ అన్న సెట్, ప్లస్ 5 చెవి ఉన్నవారికి సరిగ్గా సరిపోవచ్చు. అంకెలు తెలిసి ఉంటే ఆ విమర్శ కూడా వారికి సిఫారసుగానే పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో సమీక్షలు చదివేటప్పుడూ ఇదే చేయండి. మీ దగ్గర ఉన్న సెట్ల గురించి ఆ సమీక్షకుడు ఏమన్నాడో ముందు చదివి, అతని చెవి మీ చెవికి ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకున్నాకే, మీరు వినని సెట్ గురించి అతని మాట చదవండి.

కూటమిలో 30 సెకన్ల ముక్కలతో తేలనివి కొన్ని ఉంటాయి. తల మీద బిగువు, రెండు గంటల తర్వాత చెవి అలసట, మొదట చప్పగా అనిపించిన శబ్దం అలవాటయ్యాక నచ్చడం వంటివి ఇంట్లో ఒంటరిగా వింటేనే తెలుస్తాయి. ఎవరి మాటా కలవని సెట్‌ను ఒక వారం పాటు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోండి. ఇచ్చేటప్పుడు సెట్‌తో పాటు మీరు వాడే టిప్‌లు, మీ ఈక్వలైజర్ సెట్టింగ్‌ల ఫైల్, మీ వాల్యూమ్ అంకె ఉన్న చీటీ కూడా డబ్బాలో పెట్టి ఇవ్వండి. తీసుకున్నవారు మొదటి రోజు వాటితోనే విని, రెండవ రోజు నుంచి తమ టిప్‌లు, తమ సెట్టింగ్‌లకు మారాలి. తిరిగి ఇచ్చేటప్పుడు తమ అంకెలను అదే చీటీ వెనక రాసి ఇవ్వాలి.